చట్టికి రెండు చేతులు చాలవు

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టుకు వచ్చి చూడండి. బారా షహీద్ దర్గా పక్కన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చేతిలో రొట్టె ఎత్తిపట్టుకుని జనం కేకలేస్తుంటారు. "చదువు రొట్టె, చదువు రొట్టె!" "ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?" "పెళ్ళి రొట్టె ఇట్టా రండి!" ఈమధ్య వీసా రొట్టె కూడా వచ్చింది. కోరిక తీరినవాళ్ళు రొట్టె చేసుకొచ్చి ఇస్తారు. కోరిక మిగిలినవాళ్ళు ఆ పేరు రొట్టె వెతుక్కుని పుచ్చుకుంటారు. తీరితే వచ్చే ఏడు వాళ్ళూ రొట్టెతో రావాలి. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండగ చేసింది. లక్షల్లో వస్తారు.

నాకు ఆ నీళ్ళలో నచ్చేది మాటలు కలిసే తీరు. గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ, చెన్నై నుంచి వచ్చిన కుర్రాణ్ణి పేరైనా అడక్కుండా "నీకు ఉద్యోగం ఎన్నాళ్ళకొచ్చింది నాయనా?" అంటుంది. అతను ఎన్ని ఇంటర్వ్యూల్లో తన్నేసిందో చెబుతాడు. ఆవిడ కొడుకు సంగతి ఎత్తుకుంటుంది. ఇద్దరి కళ్ళూ చెమరుస్తాయి, రొట్టె చేతులు మారుతుంది, ఎవరి దారిన వాళ్ళు పోతారు. అదే ఇద్దరూ ఆ పొద్దున రైల్లో పక్కపక్కనే కూర్చుని వచ్చుంటే, ఆవిడ కిటికీలోంచి బయటికి, అతను ఫోన్‌లోకి చూస్తూ దిగిపోయేవాళ్ళు.

మైపాడు దారిలో ఉన్న మా అన్నయ్య పాత ఇంటిని హాస్టల్ చేస్తానని మా మేనకోడలు కూర్చున్నప్పుడు నాకు ఈ చెరువే గుర్తొచ్చింది. ఆమె బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. సెలవు దొరికితే వీపున సంచి వేసుకుని హంపి, గోకర్ణం, వర్కల. "అత్తా, మన ఇంట్లో తిరుగుబోతువి నువ్వొక్కదానివే గదా, నువ్వు చెప్పు, ఏం పెడితే జనం కలుస్తారు?" అంది. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ నేను సెలవలన్నీ కొండలెక్కడానికే వాడాను. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ సభ్యత్వ కార్డు ఇప్పటికీ పర్సులో ఉంది. కాబట్టి ఆ బిరుదు నాకు చెల్లుతుంది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ తరహా హాస్టల్‌లో గది అద్దెకివ్వరు, మంచం అద్దెకిస్తారు. ఒక గదిలో నాలుగో, ఆరో, ఎనిమిదో పై మంచం, కింద మంచం వరసలు. స్నానాల గది ఉమ్మడి. కూర్చోవడానికి ఒక హాలు, వండుకోవడానికి వంటిల్లు. లాడ్జి కన్నా చవక. కానీ చవక కోసమే అయితే బస్టాండు పక్కన లాడ్జీలు ఎప్పుడూ ఉన్నాయి. ఒంటరిగా బయల్దేరినవాళ్ళు రాత్రి భోజనం ఎవరితోనైనా కలిసి తినొచ్చని ఇక్కడికి వస్తారు. ఆ ఆశ తీరకపోతే ఇది స్నానాల గది పంచుకోవాల్సిన లాడ్జి, అంతే.

దీని పుట్టుక ఒక బడి పంతులుది. రిచర్డ్ షిర్మన్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు 1909లో పిల్లల్ని నడిపించుకుంటూ పోతూ గాలివానలో చిక్కుకుని ఒక బడిలో తలదాచుకున్నాడు. సెలవుల్లో బడులన్నీ ఖాళీగానే ఉంటాయి గదా, నడిచే పిల్లలకు పడక ఇవ్వొచ్చు గదా అనుకున్నాడట. 1912లో ఆల్టెనా అనే ఊరి కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ తెరిచారు. అక్కడ చూసుకునేవాళ్ళను ఇంటి అమ్మానాన్నల లెక్కన పిలిచేవాళ్ళు. దిగినవాళ్ళు ఊడవాలి, గిన్నెలు కడగాలి. మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ 1949 నుంచి ఉంది. వ్యాపార పద్ధతిలో, ఇప్పటి కుర్రకారు ఎరిగిన రూపంలో ఇది మన దగ్గర ఊపందుకున్నది 2013లో జోధ్‌పూర్‌లో జాస్టెల్ సంస్థ మొదలైన తర్వాత.

షిర్మన్ పెట్టిన ఆ గిన్నెలు కడిగే నియమం ఖర్చు తగ్గించడానికే కావచ్చు. కానీ హాస్టల్‌కు ప్రాణం పోసింది అదేనని నా నమ్మకం. మా హిమాలయం క్యాంపుల్లో అందరం వరసలో నిలబడి ఎవరి పళ్ళెం వాళ్ళు కడుక్కునేవాళ్ళం, గడ్డకట్టే నీళ్ళతో. రాత్రి పడుకునే ముందు బోర్న్‌విటా. గ్లాసు పట్టుకుని ఆ వరసలో వణుకుతూ నిలబడ్డప్పుడు కలిసిన మరాఠీ ఆవిడ ఇప్పటికీ సంక్రాంతికి నువ్వుల లడ్లు పంపుతుంది. కొండ శిఖరం మీద నా పక్కన ఫొటో దిగినవాళ్ళ పేర్లు ఒక్కటీ గుర్తులేవు.

మేనకోడలు మొదట తెచ్చింది గోడల మీద బొమ్మల అంచనా. అలలు, తాబేలు, గిటారు వాయించే పిల్లాడు, "ఇల్లు వదిలి ఇంటికి" లాంటి రాతలు. ఆ అంచనా చూసి వంటింటికెంత పెట్టావమ్మా అన్నాను. వంటింటికి మిగిలింది ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక ఎలక్ట్రిక్ కెటిల్. బొమ్మలు తప్పని నేననను. ఫొటోల్లో బాగుంటాయి, ఫొటోలు చూసే జనం బుక్ చేసుకుంటారు. కానీ బొమ్మ ముందు నిలబడ్డవాళ్ళు పక్కవాళ్ళతో మాట్లాడేది ఒకటే, "ఒక ఫొటో తీస్తారా?" అని. ఆ మాట అక్కడితో అయిపోతుంది.

ఇంతకీ కొత్తవాళ్ళు ఎందుకు మాట్లాడుకోరు? సిగ్గు అంటాం. అసలు సంగతి, ఎదుటివాళ్ళకు ఇష్టముండదేమోనన్న అనుమానం. షికాగోలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు దీన్ని రైలు ప్రయాణికుల మీదే పరీక్షించి 2014లో ప్రచురించారు. కొందరిని పక్కనున్న కొత్తవాళ్ళతో మాట కలపమన్నారు, కొందరిని తమ మానాన తాము ఉండమన్నారు. మాట్లాడితే ప్రయాణం విసుగవుతుందనే జనం ముందుగా అంచనా వేశారు. తీరా మాట్లాడినవాళ్ళకే ప్రయాణం హాయిగా గడిచిందని తేలింది. అంటే చాలాసార్లు ఇద్దరికీ ఇష్టమే. ఇద్దరూ ఎదుటివాళ్ళకు ఇష్టం లేదనుకుని ఊరుకుంటున్నారు. ఈ ముడి విప్పడానికి ఎవరో ఒకరికి ఒక సాకు కావాలి. స్వర్ణాల చెరువులో రొట్టె ఆ సాకు. మొదటి మాట ఏం మాట్లాడాలో రొట్టె చెప్పేస్తుంది. ఒకరు ఇచ్చేవాళ్ళు, ఒకరు పుచ్చుకునేవాళ్ళు కాబట్టి ఎందుకు పలకరించావని ఎవరూ అనుకోరు. ఇక చాలనుకుంటే రొట్టె తిని గట్టెక్కి పోవచ్చు.

హాస్టల్‌లో ఆ రొట్టె ఏది? మా నెల్లూరు వాళ్ళకు దీనికి జవాబు వెతుక్కోనక్కర్లేదు. చేపల పులుసు.

నవ్వకండి. నెల్లూరు పులుసు ఎలా వండుతారో ఒకసారి తలుచుకోండి. చింతపండు నానేసి పిసకాలి. పుల్ల మామిడికాయ ముక్కలు తరగాలి. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు. వంజరమైనా కొరమేనైనా ముక్కలకు ఉప్పు, పసుపు రాసి కడగాలి. ఇవన్నీ కొత్తవాళ్ళు చేయగలిగిన పనులే. అసలు కిటుకు ఆఖర్న ఉంది. చేప ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, పెడితే ముక్క చెదురుతుంది. చట్టిని గుడ్డతో పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. నలుగురి చట్టి అయితే ఒక్కరే తిప్పొచ్చు. ఇరవైమందికి వండే మట్టి చట్టి ఒక్కరి వల్ల కాదు. అటొకరు, ఇటొకరు పట్టుకోవాలి, ఒకే వైపు, ఒకే వేగంతో. "నిదానం, నిదానం, నా వైపు వంచకండి!" అని ఒకరినొకరు కేకలేసుకున్నాక, ఆ ఇద్దరూ పంక్తిలో ఎడమొహం పెడమొహంగా కూర్చుంటారా? పైగా పులుసు మర్నాడే రుచి. ఒక్క రాత్రికని దిగినవాడు, "రేపు మధ్యాహ్నం దాకా ఉండి తినేసి పో అబ్బయా" అంటే ఉండిపోతాడు. ఇంతకన్నా మంచి వ్యాపార సూత్రం నేను బ్యాంకులో కూడా చూడలేదు.

చేప తినని వాళ్ళ సంగతేంటి అని మా వదిన అడిగింది. వాళ్ళకు కారం దోసె. పిండి గరిటె తిప్పడం, కారం పులమడం చూస్తూ పెనం చుట్టూ నలుగురు నిలబడతారు. పని ఏదైనా ఫరవాలేదు. కాకపోతే అది నిజంగా జరగాల్సిన పని అయి ఉండాలి. ఉత్తుత్తి పనులు జనం వెంటనే కనిపెట్టేస్తారు. కొన్ని హాస్టళ్ళలో సాయంత్రం అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి "మీ గురించి ఒక వింత విషయం చెప్పండి" అంటారు. ఆ మాట వినగానే నా గురించి వింతలన్నీ ఎక్కడికో పారిపోతాయి. మావిడి ముక్క ఎంత మందం తరగాలని అడగండి, నేను గంట మాట్లాడతాను.

పని తర్వాత చోటు. 1950లో ఫెస్టింజర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు అమెరికాలో ఎంఐటీ వివాహిత విద్యార్థుల ఇళ్ళ మీద చేసిన అధ్యయనం అచ్చయింది. ఎవరు ఎవరికి స్నేహితులయ్యారని చూస్తే, అభిరుచుల కన్నా గుమ్మాల మధ్య దూరమే ఎక్కువ పనిచేసింది. మెట్ల దగ్గర, ఉత్తరాల డబ్బాల దగ్గర ఇల్లున్నవాళ్ళకు స్నేహాలు ఎక్కువ. దారిలో ఎదురుపడటమే కారణం. మా అన్నయ్య ఇంటి పటం ముందేసుకుని దీన్ని మేనకోడలికి చూపించాను. ఆమె వంటిల్లు పెరట్లో వేసి, హాలు ముందు వైపు పెట్టి, పడక గదులకు నేరుగా వీధిలోంచే దారి పెట్టింది. సౌకర్యంగానే ఉంది. కానీ అలా కడితే ఒక మనిషి పొద్దున లేచి, స్నానం చేసి, ఊరంతా తిరిగొచ్చి, ఎవరి కంటా పడకుండా మంచమెక్కవచ్చు. తాగే నీళ్ళ కుండ ఎక్కడుందో చూడండి, అక్కడే మాట పుడుతుంది. మంచాల గదిలోంచి స్నానానికి పోవాలన్నా, నీళ్ళు తాగాలన్నా, చెప్పులేసుకోవాలన్నా నడవాలోంచే పోయేలా ఉండాలి. ఆ నడవాలో ఒక పొడుగాటి బల్ల. నాలుగు చిన్న బల్లలు వేస్తే నాలుగు కుటుంబాలు తయారవుతాయి. ఒకే బల్ల అయితే ఉప్పు గిన్నె ఒకటే.

మంచాల లెక్క మీద మా ఇద్దరికీ పెద్ద వాదన. గదికి పన్నెండు వేస్తానంటుంది, అప్పు తీరాలి గదా అని. నా లెక్కన ఆరు, మహా అయితే ఎనిమిది. ఆరుగురుంటే ఒకరి దగ్గు ఎవరిదో తెలుస్తుంది. పన్నెండుమందైతే అది జనం. జనంలో మనిషి మళ్ళీ ఒంటరే.

ఇక ఆ ఇంటి మనిషి. ఇంత చెప్పినా, పొయ్యి, బల్ల, నడవా అన్నీ కుదిరినా, గుమ్మంలో కూర్చున్న మనిషి తల ఎత్తకపోతే అంతా దండగ. నేను దిగిన ఒక హాస్టల్‌లో కౌంటర్ దగ్గర కుర్రాడు నా ఆధార్ కార్డు తీసుకుని, తాళంచెవి తోసి, వైఫై పాస్‌వర్డ్ ఉన్న కాగితం వైపు వేలు చూపించాడు. అతని తప్పు కాదు, అంతే చెప్పి ఉంటారు. ఇంకోచోట ఒకావిడ నా సంచి దించుకుంటూనే, "తెలుగువాళ్ళా? అరకు నుంచి ఒకమ్మాయి దిగింది, రేపు అదే కొండెక్కుతానంది, అదిగో ఆ ఊయల్లో ఉంది" అంది. ఆవిడ చేసిందల్లా ఇద్దరి మధ్య ఒక తీగ కట్టి వదిలేయడం. మా చేతులు పట్టుకుని కలపలేదు, పక్కన నిలబడి నవ్వలేదు. వచ్చినవాళ్ళలో ఎవరికి ఎవరు పనికొస్తారో గుర్తుపెట్టుకునే మనిషికి మంచి జీతం ఇమ్మని, గిటారు బొమ్మ డబ్బులు అటు మళ్ళించమని చెప్పాను.

అపరిచితుల్ని ఆదరించడం మనకు కొత్తేం కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, 1831లో కోస్తా వెంట ఈ నెల్లూరు మీదుగానే తిరిగి ఇల్లు చేరాడు. దారి పొడుగునా ఎక్కడ మజిలీ చేశాడో, అక్కడ సత్రం ఉందో లేదో, నీళ్ళెలా ఉన్నాయో, వస్తువులేం దొరుకుతాయో స్నేహితుడు శ్రీనివాస పిళ్ళైకి రాసుకొచ్చాడు. కాశీయాత్ర చరిత్ర పుస్తకం అదే. ఇప్పుడు జనం హాస్టళ్ళకు నక్షత్రాలు పెట్టి రాసే సమీక్షలన్నీ ఆ పద్ధతే. మా జిల్లా దక్షిణాన రైలెక్కితే దొరవారిసత్రం అని ఒక స్టేషనే ఉండేది. ఉండేది అంటున్నాను గాని, స్టేషన్ అక్కడే ఉంది, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అదీ, సూళ్ళూరుపేటా తిరుపతి జిల్లాలోకి పోయాయి.

సత్రాన్ని పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. సత్రం అరుగు మీద మొదటి ప్రశ్న "ఏవూరు", రెండో ప్రశ్న "ఏమిట్లు". ఈ రోజుకీ శ్రీశైలం వెళ్ళి చూడండి, కులానికొక సత్రం. లోపల ఆదరణకు లోటుండదు, కమ్మగా వడ్డిస్తారు, "ఇంకొంచెం పప్పు" అని బలవంతపెడతారు. లోపలికి వెళ్ళగలిగితే. ఆప్యాయత చూపడానికి ఇబ్బందేమీ లేదు, ఎవరికి చూపాలన్న దగ్గరే తలుపు మూసుకుంటుంది.

ఇదంతా పాత కాలపు సంగతని హాస్టళ్ళవాళ్ళు నవ్వకూడదు. మన దేశంలో చాలా హాస్టళ్ళు అదే ఊరి చిరునామా ఉన్న ఆధార్ కార్డు చూపిస్తే మంచం ఇవ్వవు. కొన్నింటికి వయసు హద్దు కూడా ఉంది. నా వయసు చూసి ఒకచోట "ఆంటీ, ఇక్కడ అంతా యూత్" అన్నాడు. స్థానికులు తాగి గొడవ చేస్తారని, అమ్మాయిల్ని చూడ్డానికి వస్తారని భయం. ఆ భయంలో కొంత నిజముంది, కాదనను. కానీ ఊరి మనిషి కాలు పెట్టని ఇంట్లో ఊరి గురించి తెలిసేదేముంటుంది? బెంగళూరువాళ్ళు హైదరాబాదువాళ్ళతో బెంగళూరు ట్రాఫిక్ గురించి మాట్లాడుకుని వెళ్ళిపోతారు. మంచం ఇవ్వకపోయినా, బల్ల దగ్గర కుర్చీ ఇవ్వొచ్చు. సాయంత్రం టీకి, పులుసు రోజున భోజనానికి ఊరివాళ్ళెవరైనా డబ్బు కట్టి కూర్చోవచ్చు. మేనకోడలు దీనికి ఒప్పుకుంది, ఒక షరతు మీద: వచ్చినవాళ్ళ పేరు పుస్తకంలో రాయాలి, చీకటి పడ్డాక ఎనిమిదిన్నరకు బల్ల సర్దేయాలి.

కులం అడగని పడకలు చూడాలంటే వెంకటాచలం వైపు వెళ్ళాలి. గొలగమూడిలో భగవాన్ వెంకయ్యస్వామి ఆశ్రమం ఉంది. స్వామి 1982లో సమాధి అయ్యారు. అక్కడ నిద్ర చేస్తామని మొక్కుకుని జనం వస్తారు, శనివారాలు మరీను. ఆ పక్కనే కసుమూరు మస్తాన్ వలీ దర్గా. అక్కడా అంతే, హిందువులూ ముస్లింలూ చాపలు పరుచుకుని పడుకుంటారు. నేను రెండుచోట్లా పడుకున్నాను. పక్క చాప ఎవరిదో తెలియదు. తెల్లారి వాళ్ళు లేపితే లేచాను, వాళ్ళ ఫ్లాస్కులో కాఫీ తాగాను. అక్కడ మంచాల్లేవు, వైఫై లేదు, వెచ్చని రంగుల దీపాలు లేవు. అందరూ ఏదో ఒక బాధతో వచ్చారని అందరికీ తెలుసు, అంతే. ఏ హాస్టల్ యజమానీ దీన్ని డబ్బు పెట్టి కొనలేడు. కానీ వచ్చినవాళ్ళకు ఏం కావాలో బల్ల మీదికి తేగలిగితే కొంత దగ్గరికి వెళ్ళొచ్చు. గుమ్మం పక్కన పలక ఒకటి పెట్టి, సుద్దముక్కతో ఎవరికి కావలసింది వాళ్ళు రాయమనండి. "రేపు నేలపట్టుకు బండిలో ఒక సీటుంది." "పొన్నియిన్ సెల్వన్ సినిమా గురించి ఎవరైనా తమిళులు వివరించగలరా." "నాకు తెలుగు తిట్లు నేర్పాలి." మూడోది నిజంగానే ఒక ఒడియా కుర్రాడు రాయగా చూశాను. ఆ రాత్రి అతనికి కొరత లేకుండా గురువులు దొరికారు.

ఈ తీరంలో ఆ పలక నింపడం కష్టం కాదు. నవంబరు దాటాక పులికాట్‌కు రాజహంసలు దిగుతాయి. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కడతాయి. 1976 నుంచీ అది పక్షుల రక్షిత కేంద్రం. 2001లో మొదలైన ఫ్లెమింగో పండగ మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. శ్రీహరికోటలో రాకెట్ ఎగరడం చూడటానికి 2019 నుంచి అయిదువేలమంది కూర్చునే గ్యాలరీ ఉంది, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. రాకెట్ వాయిదా పడిన రాత్రి హాస్టల్‌లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిరాశ కూడా నలుగురిదైతే కాలక్షేపమే.

మైపాడులో సముద్రం ఉంది గదా అంటారు. అక్కడ మాత్రం ఇంటి మనిషి మొహమాటపడకూడదు. కనబడేంత మెత్తన కాదు ఆ నీళ్ళు. సెలవు రోజుల్లో పిక్నిక్‌కు వచ్చి కొట్టుకుపోయినవాళ్ళ వార్తలు పేపర్లో ఏటా చదువుతూనే ఉంటాం. 2004 సునామీ ఈ తీరాన్నీ తాకింది. వచ్చిన అతిథికి ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో, ఈ రోజు అసలు దిగొద్దో చెప్పేది పట్టపుపాలెం జాలర్లు. వాళ్ళను పలకరించే అలవాటు ఉన్న హాస్టలే ఆ మాట చెప్పగలదు. అలివి వల లాగే రోజైతే అతిథుల్ని తీసుకుపోయి తాడు పట్టించొచ్చు, ముందు అడిగి. బరువైన తాడు. ఫొటో కోసం పట్టుకున్నవాళ్ళు కాసేపటికే వదిలేస్తారు, నిజంగా లాగినవాళ్ళను ఆ ఊళ్ళో మర్నాడు గుర్తుపడతారు.

ఊరు పడుకునే వేళ కూడా ఆదరణలో భాగమే. తెల్లారుజామున వేటకు పోయేవాళ్ళ పక్కన అర్ధరాత్రి పాటలు పెడితే ఆ హాస్టల్‌ను ఊరు ఎన్నాళ్ళో భరించదు. పది గంటలకు స్పీకర్ ఆపాలి. రొయ్యల గుంటల ఏరేటర్ల మోత రాత్రంతా ఉంటుంది గదా అని మేనకోడలు వాదించింది. ఆ మోతకు వాళ్ళు అలవాటుపడ్డారు, నీ పాటలకు కాదు అన్నాను.

కలుపుగోలుతనం గురించి ఇంత మాట్లాడాను గాని, ఒంటరిగా ఉండనివ్వకపోతే ఎవరూ కలవరు. ఇది నాకు ఆడదాన్ని గనక బాగా తెలుసు. మంచానికి తెర ఉండాలి, దగ్గరే చిన్న దీపం, సొంత తాళం వేసుకునే పెట్టె, ఫోన్ చార్జింగ్. చార్జింగ్ పాయింట్లు హాల్లోనే పెడితే జనం బయటికి వస్తారని ఒక యజమాని నాకు గర్వంగా చెప్పాడు. రాత్రి ఫోన్ చేతిలో లేకుండా కొత్తచోట పడుకునే అమ్మాయి అతనికి తెలియదు. తెర వేసుకుంటే పలకరించొద్దు, తీస్తే పలకరించొచ్చు, ఈ ఒక్క మర్యాద గోడ మీద రాసిపెట్టినా చాలు. ఆడవాళ్ళకు వేరే గది, స్నానాల గదికి పోయే దారంతా వెలుతురు, రాత్రి పూట పిలిస్తే పలికే ఆడమనిషి ఇంట్లో. ఎవరైనా హద్దు మీరితే ఆ రాత్రే ఖాళీ చేయించే ధైర్యం. ఇవి లేనిచోట పులుసు ఎంత బాగున్నా నేను దిగను, దిగమని ఎవరికీ చెప్పను.

కాగితాల పని కూడా ఉంది, దాన్ని తప్పించుకోలేం. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఒక ఫారం ఆన్‌లైన్‌లో పంపాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలు అడగాలి. దాన్ని నిలబెట్టి అడిగితే పోలీసు స్టేషన్‌లా ఉంటుంది. కూర్చోబెట్టి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చి అడిగితే మజిలీలా ఉంటుంది. ఫారం అదే.

పని మొదలైంది. బొమ్మలు వేసే కుర్రాడికి ఒక గోడ దక్కింది. నడవాకు తలుపు మార్చారు, పొడుగు బల్లకు తాటి దూలాలు దొరికాయి. మంచాల లెక్క గదికి ఎనిమిది దగ్గర ఆగింది. ఇక తేలనిది ఒకటే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం. అప్పుడే కాలేజీ పిల్లల సెలవలు, అప్పుడే హాస్టల్ నిండేది. ఆ 61 రోజులూ వంజరం ఎక్కడినుంచి తేవాలని మా వదిన బెంగ. చెరువు కొరమేనుతో సరిపెట్టొచ్చని నేను. ఎండు నెత్తళ్ళు, వంకాయ పులుసు పెడదామని మేనకోడలు. ఆ వాసనకు బెంగళూరువాళ్ళు పారిపోతారంటే, "పారిపోయేవాళ్ళకు కారం దోసె ఉంది గదత్తా" అంటోంది.